శాన్సా ప్లేయర్‌లో రాక్‌బాక్స్ వేయాలా వద్దా? పొద్దున్నుంచి తల పట్టుకుని కూర్చున్నా

చీనీతోట
పొద్దున్నుంచి ఒకటే పని. మా నాయన పాటల ప్లేయర్‌లో రాక్‌బాక్స్ (కంపెనీ ఇచ్చినదానికి బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేద్దామని కూర్చున్నా, ఇంతవరకు ఒక్క అడుగు ముందుకు పడలేదు. ఇన్‌స్టాలర్ ఏదో ఫైలు అడుగుతుంది. ఇస్తే ఇది కాదంటుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే ఈసారి ప్లేయరే కనపడలేదంటుంది. ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకుంటున్నా. అసలు ఇది వేయడం అవసరమా? వేస్తే ఉన్నది కూడా పోతుందా? తెలిసినవాళ్లు కాస్త తొందరగా చెప్పండి, అర్జంట్.

బురుజు_కర్నూలు
ఏ ప్లేయర్?

చీనీతోట
పైన రాసినా కదన్నా, శాన్‌డిస్క్ వాళ్ల శాన్సా. నల్లగా, చిన్నగా ఉంటుంది.

బురుజు_కర్నూలు
శాన్సాలో చాలా ఉన్నాయి. మోడల్ చెప్పు.

ఏడురోడ్లు
తమ్ముడూ, ఈ కాలంలో ప్లేయర్ ఏంది? ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఏదో ఒకటి పడి ఉంటుంది. సిమ్ తీసేసి, విఎల్‌సి వేసి, పాటలు ఎక్కించి ఇచ్చెయ్. పావుగంట పని. ఇంత టెన్షన్ ఎందుకు?

చీనీతోట
ఫోన్ ఇచ్చి చూసినా అన్నా. నాయన చేతులు తోటలో ఎప్పుడూ తడిగానో మట్టిగానో ఉంటాయి, టచ్ పనిచేయదు. జేబులో పెట్టుకుంటే దానంతట అదే ఏదో ఒకటి నొక్కుకుంటుంది. ఆయనకు బటన్ కావాలి. చూడకుండా బొటనవేలితో తడుముకుని నొక్కేది.

ఆయన వినేది సినిమా పాటలు కాదు. మా తాత కాలం నాటి పద్యనాటకాల క్యాసెట్లు, హరికథలు. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించినా. ఒక్కో ఫైలు గంట పైనే. మధ్యలో మోటారు ఆపడానికి లేచి ప్లేయర్ కట్టేస్తే, మళ్లీ వేసినప్పుడు మొదటి నుంచి వస్తుంది. ఆయనకు గంటసేపు ముందుకు జరుపుకుంటూ కూర్చునే ఓపిక లేదు. రాక్‌బాక్స్ వేస్తే ఆపిన చోటు గుర్తుపెట్టుకుంటుందని ఎవరో చెప్పినారు.

పాతక్యాసెట్
ముందు అసలు విషయానికి రండి. ఆ క్యాసెట్లు ఎట్లా ఎక్కించినారు? టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలోకి వైరు పెట్టి ఉంటారు. నూటికి తొంభై మంది చేసేది అదే. మైక్ ఇన్‌పుట్ చాలా సన్నటి సిగ్నల్ కోసం. దాంట్లోకి స్పీకర్‌కు పోయే సిగ్నల్ పంపితే పద్యం రాగం తీసే చోట గొంతు చీలిపోతుంది. ఒకసారి అట్లా రికార్డయితే ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. లైన్ ఇన్ ఉన్న సౌండ్ కార్డు వాడాలి, డెక్ లైన్ అవుట్ నుంచి తీసుకోవాలి.

ఇంకొకటి. 128 కెబిపిఎస్ బిట్‌రేట్‌లో చేసిన ఎంపీ3ని తర్వాత 320కి మార్చి "క్వాలిటీ పెంచినా" అనేవాళ్లు ఉన్నారు. ఫైలు సైజు పెరుగుతుంది, అంతే. పోయింది పోయినట్టే. మొదట ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో దాచుకోండి, అది ఒక్క బిట్టు కూడా పారేయకుండా వేవ్ ఫైలును దాదాపు సగానికి కుదిస్తుంది. ప్లేయర్ కోసం దాని నుంచి ఎంపీ3 తీసుకోండి. మనవాళ్ల నాటకం క్యాసెట్లు ఇప్పుడు తయారవడం లేదు, టేపు అంటుకుపోతే మళ్లీ దొరకవు.

బురుజు_కర్నూలు
ఆయన అడిగింది అది కాదు.

పాతక్యాసెట్
అడగలేదు కాబట్టే చెబుతున్నా.

ప్రొద్దుటూరు_రిపేరు
చీనీతోట తమ్ముడూ, ఒక్కటి చూసి చెప్పు. ప్లేయర్‌కు పెట్టే కేబుల్ కొన ఎట్లా ఉంది? అరంగుళం పైన వెడల్పుగా, బల్లపరుపుగా ఉందా, లేక పాత ఫోన్ ఛార్జర్ మాదిరి చిన్న మైక్రో యూఎస్‌బినా? ముందు భాగంలో తిరిగే చక్రం ఉందా?

చీనీతోట
వెడల్పుది. చక్రం ఉంది, దాని చుట్టూ నీలం లైటు వస్తుంది.

ప్రొద్దుటూరు_రిపేరు
అయితే అది శాన్సా ఫ్యూజ్, 2008లో వచ్చినది. మైక్రో యూఎస్‌బి, టచ్ ప్యాడ్ ఉంటే ఫ్యూజ్ ప్లస్. రెండూ లోపల పూర్తిగా వేరు, ఒకదాని ఫైలు ఇంకోదానికి పనికిరాదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఫ్యూజ్‌లోనే రెండు రకాలు, వెర్షన్ 1, వెర్షన్ 2. బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి. ప్లేయర్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి పోయి ఇన్ఫో తెరువు. అక్కడ ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ను లోపల నడిపే సాఫ్ట్‌వేర్) నంబరు 01తో మొదలైతే వెర్షన్ 1, 02తో మొదలైతే వెర్షన్ 2. ఇన్‌స్టాలర్ నిన్ను అడిగే ఫైలు శాన్‌డిస్క్ వాళ్ల అసలు ఫర్మ్‌వేర్. అది కంపెనీ సొత్తు కాబట్టి రాక్‌బాక్స్ వాళ్లు తమ దగ్గర పెట్టి పంచకూడదు. మనమే తెచ్చి ఇవ్వాలి. వెర్షన్ 1కు ఫైలు పేరు ఎఫ్ యు జెడ్ ఇ ఎ డాట్ బిన్. వెర్షన్ 2కు ఎఫ్ యు జెడ్ పి ఎ డాట్ బిన్. ఒక్క అక్షరం తేడా. నువ్వు ఏది ఇస్తున్నావు?

చీనీతోట
మొదటిదే అనుకుంటా. గూగుల్‌లో ముందు అదే వచ్చింది. నంబరు చూసి చెబుతా, ఇప్పుడు ఛార్జింగ్‌లో ఉంది.

గుత్తికోట
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఫ్లాష్ చేస్తే, అంటే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే, పాతది పూర్తిగా పోతుంది. ఆ తర్వాత కరెంటు పోయినా, కేబుల్ ఊడినా ప్లేయర్ ఇటుకే, మళ్లీ ఆన్ కాదు. ఇవి కొత్తవి దొరకవు. పెద్దాయన వస్తువుతో ప్రయోగాలు వద్దు.

బురుజు_కర్నూలు
పోదు.

గుత్తికోట
పోదంటే ఎట్లా? ఫోన్‌లో కస్టమ్ రోమ్ (బయటివాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్) వేస్తే పాతది చెరిగిపోదా?

ప్రొద్దుటూరు_రిపేరు
గుత్తికోట అన్నా, ఫోన్ లెక్క ఇక్కడ చెల్లదు. ఫ్యూజ్ విషయంలో ఇన్‌స్టాలర్ చేసేది ఏమంటే, శాన్‌డిస్క్ ఫర్మ్‌వేర్ ఫైలులోనే తన బూట్‌లోడర్‌ను (ఆన్ చేయగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాంను) ఇరికిస్తుంది. రెండూ ఒకే ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును ప్లేయర్ మెమరీలో, ఏ ఫోల్డర్ లోపలా కాకుండా పైనే పెట్టి కేబుల్ తీసేస్తే, ప్లేయర్ తనకు అప్‌డేట్ వచ్చిందనుకుని తానే ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత ఆన్ చేస్తే రాక్‌బాక్స్ వస్తుంది. ఎడమ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే పాతదే వస్తుంది. మిగతా రాక్‌బాక్స్ అంతా ఒక ఫోల్డర్, మామూలు ఫైళ్లు. వద్దనుకుంటే అసలు ఫైలును అట్లాగే పెట్టి మళ్లీ అప్‌డేట్ చేయించి, ఆ ఫోల్డర్ తీసేస్తే చాలు.

ప్రమాదం ఉన్నది తెరమీద అప్‌గ్రేడ్ అని చూపించే ఆ కాసేపే. అప్పుడు బ్యాటరీ అయిపోకూడదు, మీట ముట్టుకోకూడదు. అందుకే ముందు నిండా ఛార్జ్ చేయమనేది. ఆ సమయానికి కేబుల్ తీసేసే ఉంటుంది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా దానికి సంబంధం లేదు.

గుత్తికోట
అంటే బూట్‌లోడర్ మారినట్టే కదా. నేను అన్నదీ అదే.

బురుజు_కర్నూలు
నువ్వు పోతుంది అన్నావు.

గుత్తికోట
ఇంత వెటకారం అవసరం లేదు.

ఏడురోడ్లు
సరే, రాక్‌బాక్స్ మాట వచ్చింది కాబట్టి మెమరీ కార్డు సంగతి కూడా విను తమ్ముడూ. రాక్‌బాక్స్ ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డు చదవదు, ఫ్యాట్32 కావాలి. 64 జీబీ కార్డులు కొట్లో నుంచి వచ్చేది ఎక్స్‌ఫ్యాట్‌లోనే. విండోస్‌లో రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ చేయబోతే 32 జీబీ దాటిన వాటికి ఫ్యాట్32 చూపించదు. వేరే ఫార్మాటర్ దించుకోవాలి. సంతలో చవగ్గా వచ్చిందని కార్డు కొంటే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో పరీక్ష చెయ్. పైన 64 అని ముద్ర, లోపల 8 ఉన్నవి తిరుగుతున్నాయి. పాటలు ఎక్కినట్టే ఉంటాయి, వింటే సగం నుంచి గరగర.

చీనీతోట
కార్డే లేదన్నా. 8 జీబీ లోపలిదే.

పాతక్యాసెట్
రాక్‌బాక్స్ వేయడానికి నాకు తెలిసిన అసలు కారణం ఎవరూ చెప్పడం లేదు. పాత టేప్‌రికార్డర్లలో బెల్టు సాగో, మోటారు తేడా వచ్చో వేగం మారుతుంది. హార్మోనియం శ్రుతి అర మెట్టు ఎక్కి, నటుడి గొంతు చిన్నపిల్లవాడిలా పీలగా వస్తుంది. రాక్‌బాక్స్‌లో పిచ్ అని ఒక తెర ఉంది, వింటూనే కొంచెం కొంచెం తగ్గించుకోవచ్చు. శ్రుతి మార్చకుండా వేగం ఒక్కటే తగ్గించడం కూడా కుదురుతుంది. హరికథ గబగబా చెప్పేవాళ్లు ఉంటారు, వయసు మీదపడిన చెవులకు అది బాగా ఉపయోగం.

ఇంకా, ఒక అంకాన్ని ముక్కలుగా కోసి పెట్టుకుంటే ఫైలుకు ఫైలుకు మధ్య చిన్న ఖాళీ వినపడుతుంది కదా. ఎంపీ3 తయారయ్యేటప్పుడు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. ఎంపీ3 తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్ అనే ప్రోగ్రాం అది ఎంతో ఫైలులోనే రాసి పెడుతుంది. రాక్‌బాక్స్ దాన్ని చదివి అంతా కోసేస్తుంది. పద్యం మధ్యలో తెగదు.

చీనీతోట
ఇది బాగుంది సార్. మా తాత క్యాసెట్లు కొన్ని అట్లా పీలగానే ఉన్నాయి. నేను అది ఆ కాలం గొంతు అనుకున్నా.

ఇంకో సందేహం. ఫైళ్ల పేర్లన్నీ తెలుగులోనే పెట్టినా. వస్తాయా?

ప్రొద్దుటూరు_రిపేరు
సరిగా రావు. యూనిఫాంట్ అనే ఫాంటు పెడితే అక్షరాలు కనిపిస్తాయి కానీ ఒత్తులూ గుణింతాలూ కలవవు, విడివిడిగా పక్కన పడతాయి. "శ్రీ" అని రాస్తే చదివేవాడికి చెమటలు పడతాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, ముందు 01, 02 అని వేసుకో. నాయనకు చూపు తగ్గి ఉంటే మెనూలు గొంతుతో చదివి చెప్పే ఏర్పాటు కూడా ఉంది. చూపు లేనివాళ్లు చాలామంది దీన్ని వాడేది అందుకే. రాసింది చదివి వినిపించే ఈస్పీక్ ప్రోగ్రాంలో తెలుగు గొంతు ఉంది, మర గొంతు అనుకో, ఫోల్డర్ పేర్లకు దాంతో క్లిప్పులు తయారు చేసుకోవచ్చు.

బురుజు_కర్నూలు
ఆపిన చోట మొదలవడం ఒక్కటే కావాలంటే రాక్‌బాక్స్ అక్కరలేదు. ఫైళ్లను ఆడియోబుక్స్ ఫోల్డర్‌లో వేయి. కొత్త వెర్షన్ అసలు ఫర్మ్‌వేర్‌లో గుర్తుంచుకుంటుంది.

చీనీతోట
అన్నా!! ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చు కదా.

బురుజు_కర్నూలు
మోడల్ చెప్పలేదు కదా.

ప్రొద్దుటూరు_రిపేరు
అది నిజమే. నా సలహా అడిగితే, ముందు అది చేసి నాయనకు ఇవ్వు. ఫైళ్లకు ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాంతో పేరు, ట్రాక్ నంబరు వెయ్, లేకపోతే అన్నీ అన్‌నోన్ కింద గుట్టగా పడతాయి. నంబరు 02 అని తేలితే సరైన ఫైలు దించుకుని తీరిక ఉన్న రోజు రాక్‌బాక్స్ వేసుకో. ఆ శ్రుతి సంగతి కోసమైనా వేయడం మంచిదే అని నేనంటా, కానీ ఈ రాత్రికి కాదు. విసుగులో ఉన్నప్పుడు ఫర్మ్‌వేర్ జోలికి పోకూడదు.

ప్లేయర్ కనపడలేదన్నావు కదా, యూఎస్‌బి మోడ్ (కంప్యూటర్‌కు కలిసే పద్ధతి) ఎమ్‌టిపిలో ఉండి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఎమ్‌ఎస్‌సికి మార్చు. అప్పుడు విండోస్‌లో పెన్‌డ్రైవ్ మాదిరి డ్రైవ్ అక్షరంతో కనిపిస్తుంది. ఇన్‌స్టాలర్ వెతికేది దాన్నే.

గుత్తికోట
దాంట్లో ఎఫ్ఎం ఉంది కదా, రాక్‌బాక్స్‌లో కూడా వస్తుందా? కడప ఆకాశవాణి పట్టుకుంటుందా?

పాతక్యాసెట్
ఎఫ్ఎం వస్తుంది, ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా, అది పెట్టకపోతే రాదు. కడప కేంద్రం మేము చిన్నప్పటి నుంచి విన్నది మీడియం వేవ్‌లో. అది ఈ బుల్లి ప్లేయర్లు పట్టుకోవు. దానికి లోపల ఫెర్రైట్ కడ్డీ ఉన్న రేడియో కావాలి. అసలు మీడియం వేవ్ గురించి చెప్పాలంటే...

ఏడురోడ్లు
సార్, దానికి వేరే చర్చ పెట్టండి. పుణ్యముంటుంది.

చీనీతోట
02 అనే ఉంది. ఆడియోబుక్స్‌లో వేసినా, ఆపిన చోటే మొదలవుతోంది. పేర్లు మార్చాలి ఇంక. థాంక్స్ అందరికీ.

తాడిపత్రి_పిల్లోడు
అన్నా నా దగ్గర శాన్‌డిస్క్ క్లిప్ జామ్ ఉంది, దానికి రాక్‌బాక్స్ వస్తుందా?

బురుజు_కర్నూలు
రాదు.