ఆర్క్టియిడేనా, ఆర్క్టియినేనా? చిమ్మటల (మాత్‌ల) పేర్లలో ఒక్క హల్లు

చిమ్మటల వర్గీకరణ గురించి తెలుగులో రాసేటప్పుడు ‘మాలిక్యులర్ ఎవిడెన్స్’ని ‘అణు సాక్ష్యం’ అనొచ్చా అని నిన్న మన గ్రూపులో ఒకరు అడిగారు. అణువు అంటే మాలిక్యూలే, తప్పేమీ లేదు. కానీ ఆ మాట వినగానే అణుబాంబే గుర్తొస్తుంది. నేనైతే ‘డీఎన్ఏ ఆధారాలు’ అంటాను. మార్ఫాలజీకి ‘స్వరూప లక్షణాలు’ చాలు.

అంతకన్నా నన్ను పట్టి కుదిపేది పేరు చివరి అక్షరం. జంతువుల కుటుంబం పేరు ‘ఇడే’తో, ఉపకుటుంబం పేరు ‘ఇనే’తో ముగియాలన్నది నియమం. వేరుశనగ మీద పడే ఎర్ర గొంగళి పురుగు పాత పుస్తకాల్లో ఆర్క్టియిడే కుటుంబం. ఆముదం మీది దాసరి పురుగు, పొగాకు లద్దె పురుగు రెండూ నాక్టుయిడే. ఈ రెండింటి తల్లి పురుగుల (అంటే రెక్కలొచ్చిన చిమ్మటల) వెనక రెక్కలు పట్టి చూస్తే దాసరి పురుగుకు ఒక ఈనె (వెయిన్) నాలుగు పాయలుగా చీలినట్టు ఉంటుంది, లద్దె పురుగుకు మూడే. ఈ తేడా పాతవాళ్లకూ తెలుసు. తెలిసీ రెండింటినీ ఒకే ఇంట ఉంచారు.

2011లో కీటక శాస్త్రవేత్త రెజా జహీరీ బృందం 8 జన్యువులు పోల్చి చూస్తే నాలుగు పాయలవాటిలో చాలావరకు లద్దె పురుగు కన్నా గొంగళ్లకే దగ్గర చుట్టాలని తేలింది. దాంతో దాసరి పురుగు, ఎర్ర గొంగళి రెండూ ఎరెబిడే కుటుంబంలో చేరాయి. ఆ మరుసటి ఏడాది ఎరెబిడేను 18 ఉపకుటుంబాలుగా అమర్చారు. ఆర్క్టియిడే కాస్తా అందులో ఒకటై ఆర్క్టియినే అయింది.

‘డ’ పోయి ‘న’ వచ్చింది, అంతే. హోదా అంతా ఆ హల్లులోనే ఉంది. మనం ‘ఆర్క్టిడ్ చిమ్మటలు’ అని తేల్చేస్తే చదివేవాళ్లకు అది కుటుంబమో ఉపకుటుంబమో తెలిసే దారే ఉండదు. దయచేసి చివరిదాకా రాయండి.

*

అన్నా, మా ఊళ్లో చిమ్మటంటే కీచురాయి. ‘చిమ్మటల రొద’ అని కథల్లోనూ చదువుతాం కదా. ఇంకోటి, రెక్కలోని వెయిన్‌ను ‘సిర’ అనకుండా ‘ఈనె’ అన్నారేం?

*

మొదటిది నిజమేనమ్మా. బైబిల్లో చిమ్మెట బట్టలు తినేది, కథల్లో చిమ్మట రొద పెట్టేది. రైతులు ‘రెక్కల పురుగు’ అంటారు, గుడ్లు పెట్టేదైతే ‘తల్లి పురుగు’. పంటల గురించి రాసేటప్పుడు ఆ మాటలే మేలు.

సిర అంటే మనకు నెత్తురు పారే గొట్టమే తోస్తుంది. రెక్కలో ఇది ముఖ్యంగా పలచని పొరను నిలబెట్టే పుల్ల. కొబ్బరాకుకు ఈనె ఎలాగో దీనికీ అలాగే. రాత్రి మా వరండా దీపం కింద దాసరి పురుగు తల్లి ఒకటి వాలింది. ముందు రెక్కలు ఎండుటాకు రంగు. వెనక రెక్కలు నల్లగా, మధ్యలో తెల్ల పట్టీ, అంచున మూడు తెల్ల మచ్చలు. ఈనెల లెక్క మాత్రం పైన పొడిలా ఉండే పొలుసులు తుడిస్తే గానీ సరిగ్గా తెలియదు.