ఏపీఎల్ కోడ్ విండోస్ నుంచి రాస్‌బెర్రీ పై మీదికి: ఏమేం మార్చాలి?

ప్రశ్న:
విండోస్ ల్యాప్‌టాప్‌లో డయలాగ్ ఏపీఎల్‌తో (ఏపీఎల్ ప్రోగ్రామింగ్ భాషకు ఒక మాండలికం) వర్షపాతం లెక్కల ప్రోగ్రామ్ రాసుకున్నాను, చిన్న విండో, రెండు మూడు బటన్లు కూడా పెట్టాను. ఇప్పుడది ఇంట్లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడవాలి. ప్రాసెసర్, ఓఎస్ రెండూ మారుతున్నాయి కదా, లెక్కలు తేడా కొడతాయేమోనని టెన్షన్‌గా ఉంది. డయలాగ్‌లోనే ఉండాలా, జీఎన్‌యూ ఏపీఎల్ అనే ఇంకో మాండలికానికి మారితే మంచిదా?

జవాబు 1:
ప్రాసెసర్ గురించి భయం వద్దండి. 1966 నాటి ఏపీఎల్\360 ఐబీఎం సిస్టమ్/360 అనే పెద్ద కంప్యూటర్ల కోసమే పుట్టింది గానీ, 1983లో జైలాగ్ కంపెనీ మెషిన్ల కోసం వచ్చిన డయలాగ్ ఇప్పుడు విండోస్, లినక్స్, మ్యాక్, రాస్‌బెర్రీ పై, అన్నిటి మీదా నడుస్తోంది, కింద ఇంటెల్ ప్రాసెసర్ ఉందా ఏఆర్ఎం ఉందా అన్నది మీ +/ (మొత్తం కూడేది) కి, ⍉ (అడ్డువరుసల్ని నిలువు చేసేది) కి అనవసరం. ఆగిపోయేది మీ బటన్ల దగ్గరే. క్వాడ్ డబ్ల్యూసీతో (⎕WC, విండోలు, బటన్లు తయారుచేసే డయలాగ్ ఫంక్షన్) కట్టిన విండోలు విండోస్ మీద తప్ప రావు, కాబట్టి లెక్క చేసే ఫంక్షన్లను ముందు వాటి నుంచి విడదీయండి. వర్క్‌స్పేస్‌లో (ఏపీఎల్ అన్నీ కలిపి దాచే ఫైల్) దాచుకోకుండా డయలాగ్ వాళ్ల లింక్ అనే సాధనంతో టెక్స్ట్ ఫైళ్లుగా పెట్టుకుంటే ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

జవాబు 2:
జీఎన్‌యూకి మారడమే అసలు కష్టం. అది ఉచితం, సోర్స్ కూడా ఇస్తారు, మంచి పనే, కానీ ఐబీఎం వారి ఏపీఎల్2 అనే మాండలికం దారిలో వెళ్తుంది. ⊂ గుర్తు అక్షరాల వరుసను ముక్కలు చేస్తుంది, ఇది రెండిట్లో వేసి చూడండి:

1 0 1 0⊂'కఖగఘ'

డయలాగ్ మామూలు సెట్టింగ్‌లో 'కఖ', 'గఘ' అని రెండు ముక్కలు ఇస్తుంది. జీఎన్‌యూలో సున్నా ఉన్నచోట అక్షరమే ఎగిరిపోయి 'క', 'గ' మిగులుతాయి, ఎర్రర్ మాత్రం రాదు! ఎర్రర్ వస్తే వెతికి సరిచేసుకుంటాం, ఇలా నోరు మూసుకుని తప్పు జవాబు ఇస్తే ఎలా పట్టుకుంటాం? మెషిన్ మార్చండి, ఫర్వాలేదు, మాండలికం మార్చేముందు మాత్రం ప్రతి ⊂ నీ చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి, అయితే డయలాగ్‌లోనే ఉంటాను. మరి దశాంశాలు?

జవాబు 3:
రెండు చోట్లా ఐఈఈఈ 754 అనే ప్రమాణం ప్రకారం దాచే 64 బిట్ల సంఖ్యలే. కూడే వరుస మారితే చివరి బిట్లు కాస్త కదలొచ్చు, కానీ = తో పోల్చినప్పుడు క్వాడ్ సీటీ (⎕CT, పోలికలో ఎంత చిన్న తేడాను వదిలేయాలో చెప్పే సెట్టింగ్) ఆ తేడాను పట్టించుకోదు. సార్ట్ చేయడానికి వాడే ⍋ కి ఆ వెసులుబాటు లేదు, అది ఖచ్చితంగా పోలుస్తుంది, అంటే సమానం అనుకున్న రెండు రోజుల వర్షపాతం వరుసలో అటూ ఇటూ అయ్యే వీలుంది. సార్ట్ చేసేముందు మిల్లీమీటర్లను పదోవంతుకి రౌండ్ చేసి, పూర్ణసంఖ్యలుగా పెట్టుకోండి.