జీతం ఎక్కువని తీసేస్తే అది వయోవివక్ష అవుతుందా? సెవరెన్స్ ఒప్పందంపై సంతకం పెట్టాలా?

పాతకాపు:
అందరికీ నమస్కారం. నా వయసు 54. అమెరికాలో ఒకే సంస్థలో 19 ఏళ్లు సాఫ్ట్‌వేర్ నాణ్యతా విభాగంలో పనిచేశాను. రెండు వారాల కిందట పావుగంట వీడియో సమావేశంలో నా ఉద్యోగం రద్దయిందని చెప్పారు. ఆ సాయంత్రమే సెవరెన్స్ ఒప్పందం మెయిల్లో వచ్చింది. 26 వారాల జీతం ఇస్తారట, బదులుగా సంస్థపై దావా వేసే హక్కులన్నీ నేను వదులుకోవాలట.

ఒప్పందం చివర ఒక పట్టిక జతచేశారు. పేర్లు లేవు, హోదా, వయసు, తొలగించినవారి సంఖ్య, కొనసాగించినవారి సంఖ్య, అంతే. 'సీనియర్ టెస్ట్ ఇంజినీరు, 54, తొలగింపు 2, కొనసాగింపు 0' అన్న వరుసలో ఒకణ్ణి నేను. రెండో వ్యక్తి ఎవరో గుర్తుపట్టడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు, పన్నెండేళ్లు పక్కపక్కన కూర్చున్నాం కదా.

మొత్తం 26 మందిలో 11 మందిని తీసేశారు. వారిలో ఆరుగురు 50 దాటినవారు, ఐదుగురు 40 లోపువారు. 40 నుంచి 49 మధ్య ఉన్న ఏడుగురిలో ఒక్కరినీ ముట్టుకోలేదు, 50 దాటినవారిలో ఒక్కరినీ మిగల్చలేదు. కారణం అడిగితే ఖర్చూ నైపుణ్యమూ చూశామే తప్ప వయసు చూడలేదని హెచ్‌ఆర్‌వారు చెప్పారు. నా జీతం ఎక్కువన్నది నిజమే. కానీ అన్నేళ్లు పనిచేసినవాడి జీతం పెరగకుండా ఎలా ఉంటుంది? జీతం పేరు చెప్పి వయసునే చూసినట్టు కాదా ఇది? సంతకం పెడితే అన్యాయానికి ఒప్పుకున్నట్టా?

కొత్తనీరు:
పాతకాపు గారూ, మీ బాధ అర్థమైంది, కానీ మీ వాదనతో ఏకీభవించలేను. నేనొక సంస్థలో మేనేజరుగా రెండుసార్లు ఇలాంటి జాబితాలు తయారుచేసినవాణ్ణి. ఇంత ఖర్చు తగ్గించాలి అని పైనుంచి ఒక అంకె వస్తుంది. ఒక పెద్ద జీతాన్ని తగ్గిస్తే రెండు చిన్న జీతాలు నిలబడతాయి. అక్కడ మేము చూసేది జీతం గడినే, పుట్టినతేదీ గడిని కాదు.

40 నిండిన ఉద్యోగులను కాపాడే అమెరికా వయోవివక్ష చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1993లో హేజెన్ పేపర్ కేసులో 62 ఏళ్ల ఉద్యోగిని, పదేళ్ల సర్వీసు నిండి పెన్షన్ హక్కు రావడానికి కొద్ది వారాల ముందు తీసేశారు. అంతటి విషయంలోనూ సర్వీసు కాలం వేరు, వయసు వేరు అని, పెన్షన్ తప్పించుకోవడానికి తీసేయడం దానికదే వయోవివక్ష కాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. పైగా 2009లో గ్రాస్ కేసు తీర్పు తర్వాత, వయసు కూడా ఒక కారణమని చూపితే చాలదు, వయసు లేకపోతే ఈ తొలగింపు జరిగేదే కాదని ఉద్యోగే రుజువు చేయాలి.

మరో మాట. ఆ ఐదుగురు కుర్రవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? 40 లోపువారికి ఆ పట్టికా ఇవ్వనక్కరలేదు, ఆలోచించుకోవడానికి గడువూ ఇవ్వనక్కరలేదు. సంతకం పెట్టి డబ్బు తీసుకుని ముందుకు సాగడమే మేలని నా అభిప్రాయం.

లెక్కలమాస్టారు:
కొత్తనీరు గారు చెప్పిన తీర్పులు సరైనవే, కానీ కథ అక్కడ ఆగలేదు. హేజెన్ పేపర్ కేసు ఉద్దేశపూర్వక వివక్షకు సంబంధించినది. ఉద్దేశం లేకపోయినా ఫలితం ఒక వయసువారిపైనే పడినప్పుడు ప్రశ్నించవచ్చని 2005లో సిటీ ఆఫ్ జాక్సన్ కేసులో అదే కోర్టు ఒప్పుకుంది. ఆ కేసు వేసిన పోలీసు అధికారులు మాత్రం ఓడిపోయారు, ఎందుకంటే నగర పాలకులు చూపిన కారణం సహేతుకమైనదేనని కోర్టు భావించింది. మూడేళ్ల తర్వాత, 2008లో వచ్చిన మీచమ్ కేసును పాతకాపు గారు తప్పక చదవాలి. నౌకాదళ అణు రియాక్టర్ల మీద పనిచేసే నోల్స్ ప్రయోగశాలలో 31 మందిని తీసేస్తే వారిలో 30 మంది 40 దాటినవారు. మేనేజర్లు పనితీరుకూ, 'ఫ్లెక్సిబిలిటీ'కీ, కీలక నైపుణ్యాలకూ మార్కులు వేసి, వాటికి సర్వీసు మార్కులు కలిపి జాబితా తేల్చారు. తాను వాడిన కొలబద్ద వయసుతో సంబంధంలేని సహేతుకమైన అంశమని నిరూపించే భారం యజమానిదేనని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇక మీ పట్టిక. సంస్థ లాయరు దాన్ని ఇలా చదువుతాడు: 40 దాటినవారు 13 మంది, వారిలో తీసింది ఆరుగురిని; 40 లోపువారు 13 మంది, వారిలో తీసింది ఐదుగురిని; ఒక్క మనిషి తేడాకు వివక్ష అంటారా? అదే పట్టికను 50 దగ్గర గీత గీసి చదివితే పైన ఉన్న ఆరుగురిలో ఆరుగురూ పోయారు, కింద ఉన్న 20 మందిలో ఐదుగురే పోయారు. అలా 50 దగ్గర గీత గీయవచ్చా అన్నదాని మీద అమెరికాలో ప్రాంతాలవారీగా ఉండే అప్పీలు కోర్టుల్లోనే (వీటిని సర్క్యూట్లు అంటారు) ఏకాభిప్రాయం లేదు. 2017లో కార్లో కేసులో మూడో సర్క్యూట్ గీయవచ్చంది; అంతకుముందు మరికొన్ని సర్క్యూట్లు కూడదన్నాయి. అంటే మీ దావా బలం మీరు ఏ రాష్ట్రంలో పనిచేశారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఉన్న పరిస్థితి అదే. ఆరుగురంటే గణాంకానికి చిన్న సంఖ్య అన్న మాట కూడా మరచిపోకండి, అవతలివారి నిపుణుడు మొట్టమొదట అనేది అదే.

గట్టుమీద:
జీతం, వయసు సంగతి తెగేది కాదు కనుక నేను సంతకం గురించి మాత్రమే రాస్తాను. సంతకం పెట్టడం అన్యాయానికి ఒప్పుకోవడం కాదు, ఒక హక్కును వెలకట్టి అమ్మడం. ఆ అమ్మకం ఎలా జరగాలో 1990లో వచ్చిన చట్టం కచ్చితంగా చెప్పింది. 40 దాటిన ఉద్యోగి వయోవివక్ష హక్కును వదులుకుంటున్నట్టు పత్రంలో వయోవివక్ష చట్టం పేరుతో సహా ఉండాలి, భాష సామాన్యుడికి అర్థం కావాలి, లాయరును సంప్రదించమని రాతపూర్వకంగా చెప్పాలి, మీకు ఎలాగూ రావలసిన జీతమూ సెలవుల డబ్బూ కాక అదనంగా ఏదో ఇవ్వాలి. ఒక్కరినే తీసేస్తే 21 రోజులు, మీలా గుంపుగా తీసేస్తే ఆ పట్టిక ఇచ్చి 45 రోజులు ఆలోచించుకోనివ్వాలి. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఏడు రోజులను తగ్గించే అధికారం ఎవరికీ లేదు.

ఇవి పాటించకపోతే ఏమవుతుంది? 1998 నాటి ఊబ్రే కేసు చూడండి. ఆమెకు 14 రోజులే ఇచ్చారు, వెనక్కి తీసుకునే వారం ఇవ్వలేదు, పత్రంలో వయోవివక్ష చట్టం ప్రస్తావన లేదు. ఆమె 6,258 డాలర్లు తీసుకుంది కూడా. అయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వకుండానే దావా వేయవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకటి: ఈఈఓసీ అనే సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేసే హక్కును ఏ ఒప్పందమూ తీసేయలేదు. కానీ సరైన పత్రంపై సంతకం పెట్టాక ఆ ఫిర్యాదు వల్ల మీ చేతికి డబ్బు రాదు. ఫిర్యాదుకు గడువు 180 రోజులు; రాష్ట్రానికి తన సొంత వయోవివక్ష చట్టమూ దాన్ని అమలుచేసే సంస్థా ఉన్నచోట 300. ఈ గడువు తొలగిస్తున్నట్టు మీకు తెలియజేసిన రోజునుంచి నడుస్తుంది, 45 రోజులూ అందులోనే కరిగిపోతాయి.

వీసా మీద ఉన్నవారికి చిక్కు ఇంకా పెద్దది. హెచ్‌1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులే వ్యవధి. 45 రోజులూ పత్రం చదువుతూ కూర్చుంటే కొత్త యజమానిని వెతుక్కోవడానికి మిగిలేది పదిహేను. చట్టం ఇచ్చిన గడువు కాగితం మీద అందరికీ సమానమే, వాడుకోవడం మాత్రం అందరి చేతుల్లో లేదు.

కొత్తనీరు:
గట్టుమీద గారు చెప్పినవి నాకు కొన్ని తెలియవు, కృతజ్ఞతలు. అయినా ఒక ప్రశ్న మిగిలింది. సంతకం పెట్టకపోతే 26 వారాల జీతం పోతుంది, సెవరెన్స్ తప్పనిసరిగా ఇవ్వాలని ఏ ఫెడరల్ చట్టమూ లేదు. దావా ఏళ్ల తరబడి సాగుతుంది. గెలిచినా ఈ చట్టం కింద మానసిక క్షోభకు పరిహారం రాదు. పోయిన జీతమూ, యజమాని బుద్ధిపూర్వకంగా చేశాడని తేలితే దానికి సమానమైన మరో మొత్తమూ వస్తాయి. చేరేటప్పుడు ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు, ఒప్పుకుంటూ సంతకం పెట్టి ఉంటే కోర్టు గుమ్మం కూడా ఎక్కలేరు. 1991లో గిల్మర్ కేసులో అది చెల్లుతుందన్నారు.

ఒక సంగతి ఒప్పుకుంటాను. నా జాబితాలకు అలాంటి మార్కులే వేసేటప్పుడు 'కొత్త పద్ధతులకు అలవాటుపడే స్వభావం' అన్న గడి దగ్గర నేను ఎవరి పనినీ తిరిగి చూడలేదు. సాయంత్రం అయిదింటికల్లా పంపాలన్నారు, మనసుకు తోచింది వేశాను. వయసు చూసి వేశానని అనను. చూడలేదని ప్రమాణం చేయమంటే మాత్రం ఇప్పుడు కొంచెం తడబడతాను.

పాతకాపు:
కొత్తనీరు గారూ, ఆ చివరి మాటలు రాసినందుకు మీపై గౌరవం పెరిగింది. నా పత్రంలోనూ ఎంపికకు ఆధారాలుగా మూడు అంశాలు రాశారు, వాటిలో రెండోది దాదాపు మీరన్నదే. మూడేళ్ల కిందట మా పరీక్షలన్నీ చేతితో చేసే పద్ధతి నుంచి ఆటోమేషన్‌కు మారినప్పుడు ఆ మార్పు నడిపింది నేనూ, ఆ వరుసలోని రెండో వ్యక్తీ. ఏ గడిలో మాకు ఎన్ని మార్కులు వచ్చాయో పత్రంలో లేదు, చెప్పనక్కరలేదట కూడా.

మీరన్న ఆ ఐదుగురు కుర్రవాళ్ల విషయం కూడా నాకు పట్టింది. వారిలో ఒకమ్మాయి నా దగ్గరే పని నేర్చుకుంది. తనకు ఏడు రోజుల గడువే ఇచ్చారు, పట్టిక ఇవ్వలేదు, నేను పంపిన మెయిల్ చూసేసరికే సంతకం పెట్టేసింది.

నిన్న రాత్రి పట్టిక మళ్లీ తీశాను. దాని పైన సంస్థ రాసుకున్న పరిధి 'నాణ్యతా విభాగం, రెండు కార్యాలయాలు' అని ఉంది. నాకు తెలిసిన మనుషులను ఒక్కొక్కరినీ వేళ్లమీద లెక్కపెడితే ఇద్దరు తగ్గారు. ఒకరికి 52, ఇంకొకరికి 47. ఇద్దరినీ తొలగింపులకు మూడు వారాల ముందు కాగితం మీద వేరే విభాగానికి మార్చారు, కానీ ఇవాళ్టికీ కూర్చునేది మా వరుసలోనే, చేసేది మా పనే.

లెక్కలమాస్టారు:
అది చిన్న సంగతి కాదండీ. 52 ఏళ్ల మనిషి ఆ విభాగంలోనే ఉన్నట్టు తేలితే నేను వేసిన ఆరుకు ఆరు లెక్క ఏడుకు ఆరు అవుతుంది, అంటే గణాంకం కొంత మీకు వ్యతిరేకంగా జరుగుతుంది. కానీ పట్టిక పరిధి తప్పుగా రాసి ఉంటే పత్రమే చెల్లకపోవచ్చు, అప్పుడు సంతకం పెట్టినా వయోవివక్ష దావా హక్కు మీ దగ్గరే ఉంటుంది.

గట్టుమీద:
ఆ ప్రశ్న హెచ్‌ఆర్‌ను ముందు అడగకండి. అడిగితే పట్టిక సరిదిద్ది మళ్లీ పంపుతారు. ముందు లాయరుకు చూపించండి.

పాతకాపు:
గురువారం కలుస్తున్నాను. ఆ రోజుకు 45లో 17 రోజులు అయిపోతాయి. పట్టికతో పాటు, మార్పు జరిగిన తేదీ ఉన్న పాత మెయిల్ కూడా అచ్చువేసి పెట్టుకున్నాను.