తేనెపట్టుకు మళ్లీ మళ్లీ మైనపు పురుగు: గూడు కుదించాలా, వేరే గుంపుతో కలపాలా?

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా డాబా మీద ఒక పెట్టె పుట్టతేనెటీగలు (పెట్టెల్లో పెంచే మన దేశీ రకం) ఉన్నాయి. ఫిబ్రవరిలో తెచ్చాను. పొద్దున్నే జపానికి బదులు దాని ముందు పావుగంట కూర్చుంటాను, నాకు అదే పూజ.

వానలు మొదలయ్యాక ఈగల రాకపోకలు తగ్గాయి. పన్నెండు రోజుల క్రితం చట్రం ఎత్తి చూస్తే పట్టు నిండా మైనపు పురుగు తొలిచిన బూజులాంటి తెల్లని సొరంగాలు, అడుగు పలక మీద నల్లని రవ్వలాంటి రెట్ట. ఆ పట్టు కోసి ఫ్రీజర్‌లో రెండు రోజులు ఉంచాను, పలక గీకి కడిగాను, ద్వారం రెండు ఈగలు పట్టేంత చేశాను, సాయంత్రాలు చక్కెర పానకం పెడుతున్నాను. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కలరా ఉండలు వేయమని ఒకరన్నారు. తినే తేనె దగ్గర ఆ విషం పెట్టను.

నిన్న ఇంకో చట్రంలోనూ సొరంగాలు కనిపించాయి. ఇప్పుడు ఆరు చట్రాల్లో మూడింటి మీదే ఈగలున్నాయి. రాణి కనబడలేదు గానీ, గదుల అడుగున నిలబెట్టిన గుడ్లు గదికొకటి చొప్పున ఉన్నాయి, అంటే రాణి ఉన్నట్టే. పొరుగు కాలనీలో తెలిసినవారి దగ్గర బలమైన గుంపు ఒకటి ఉంది.

వానాకాలంలో పుట్టతేనెటీగలు పెంచినవారు చెప్పండి: ఖాళీ చట్రాలు తీసేసి మూడింటికే గూడు కుదిస్తే ఈ గుంపు పారిపోకుండా నిలుస్తుందా, లేక ఇప్పుడే ఆ గుంపుతో కలిపేయాలా?