ఉత్త నీళ్లలో వేసిన కణంలోకి నీరు వెళ్లడం ఎప్పుడు ఆగుతుంది?

చుక్కనీరు:
మా అమ్మాయికి కణం పాఠం చెబుతూ నేనే ఇరుక్కుపోయానండి. కేంద్రకం, మైటోకాండ్రియా, కణకవచం దాకా సాఫీగానే నడిచింది. ద్రవాభిసరణం (పొర గుండా నీరు కదలడం) దగ్గరికొచ్చి "పొరకి రెండు వైపులా గాఢత సమానం అయ్యేదాకా నీరు కదులుతుంది" అన్నాను. వెంటనే పట్టుకుంది: "మరి ఉప్పూ పంచదారా ఏమీ లేని ఉత్త నీళ్లలో కణాన్ని వేస్తే? బయట సున్నా. ఎంత నీరు వెళ్లినా లోపలిది పలచబడుతుందే గానీ సున్నా అవదుగా, అంటే అసలు ఆగదా?" నా దగ్గర జవాబు లేదు. ఆగకపోతే మొక్కల వేర్లన్నీ పగిలిపోవాలి కదా! ఇంకో డౌటు, విసరణం (పదార్థం దానంతటదే పరుచుకోవడం) ఎక్కువ నుంచి తక్కువకి, ద్రవాభిసరణం తక్కువ నుంచి ఎక్కువకి అంటారు, ఇదేం తిరకాసు?

మట్టివేరు:
రెండోది తేలిక, దాన్ని ముందు వదిలించుకుందాం. గాఢత అనగానే "దేనిది?" అని అడగండి. తక్కువ నుంచి ఎక్కువకి అన్నది కరిగిన పదార్థం లెక్క. నీటి వైపు నుంచి చూస్తే అది ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకే పోతోంది.

మొదటి ప్రశ్నకి మీ అమ్మాయిని మెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ "సమానం అయ్యేదాకా" అన్న వాక్యమే తప్పు. మొక్క కణంలో నీటిని ఆపేది గాఢత కాదు, ఒత్తిడి. నీరు చేరేకొద్దీ రిక్తిక (కణం లోపలి నీటి సంచి) ఉబ్బి, ప్లాస్మాపొరని కణకవచం మీదికి నెడుతుంది. ఆ గోడ సెల్యులోజ్‌ది, కొంచెం సాగుతుంది, ఆపైన సాగనని ఎదురు నెడుతుంది. చివరికి లోపలికి ఎన్ని నీటి అణువులు వస్తున్నాయో బయటికీ అన్నే పోతుంటాయి, బయటినుంచి చూస్తే ఆగినట్టు ఉంటుంది. గాఢతల్లో తేడా మాత్రం అలాగే ఉండిపోతుంది. గోడ మీద పడే ఈ ఒత్తిడినే స్ఫీత పీడనం అంటారు, చాలా ఆకు కణాల్లో ఇది కారు టైరులో గాలి ఒత్తిడి కన్నా ఎక్కువే. నీళ్లు లేక వాడిపోయిన లేత కాడ వేలాడేది ఈ ఒత్తిడి తగ్గినందుకే.

ఎర్రకణం:
జంతు కణానికి ఆ గోడ లేదు కాబట్టి మీ అమ్మాయి లెక్క అక్కడ అక్షరాలా నిజమవుతుంది. ఎర్ర రక్తకణాన్ని ఉత్త నీళ్లలో వేస్తే ఉబ్బి ఉబ్బి పగులుతుంది, హీమోగ్లోబిన్ బయటికి వచ్చేస్తుంది. సెలైన్ 0.9 శాతం ఉప్పుతో ఉండేది అందుకే. గ్లూకోజ్ అయితే 5 శాతం కావాలి, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది బరువు కాదు, కరిగిన కణికల సంఖ్య. ఉప్పు కరిగితే సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది, గ్లూకోజ్ విడిపోదు, పైగా దాని అణువు ఉప్పుకి మూడు రెట్ల బరువు.

ఇక్కడే అందరూ పప్పులో కాలేసే సంగతి ఒకటుంది. కణికల లెక్క ప్రకారం రక్తంతో సరిగ్గా సమానంగా యూరియా ద్రావణం చేసి అందులో ఎర్రకణాల్ని వేసినా అవి పగిలిపోతాయి. యూరియా పొర దాటి లోపలికి పోతుంది, వెనకాలే నీరూ పోతుంది. కాబట్టి ఎంత కరిగింది అన్నది ఒక్కటే చాలదు, కరిగినది పొర దాటగలదా లేదా అన్నదీ చూడాలి.

పాతలెక్చరర్:
@మట్టివేరు, మీరు చెప్పింది బడి స్థాయికి సరిపోతుంది గానీ "నీటి గాఢత" అన్న మాట నాకు నచ్చదు. పైన చెప్పిన ఒత్తిడి సంగతి ఆ మాటలో ఎక్కడా ఇమడదు. నీటిశక్మం (వాటర్ పొటెన్షియల్, అంటే నీరు కదలిపోవడానికి ఉన్న మొగ్గు) అని నేర్పితే కరిగిన పదార్థం దాన్ని తగ్గిస్తుంది, ఒత్తిడి పెంచుతుంది, రెండు వైపులా శక్మం ఒకటైతే నికరంగా కదలిక ఉండదు, అంతే, మొక్క కణానికి వేరే మినహాయింపు చెప్పక్కర్లేదు. ఇంటర్‌లో ఎలాగూ ఇదే చదవాలి.

చుక్కనీరు:
అందరికీ థాంక్సండి. చదివి వినిపిస్తే ఇంకోటి తగిలించింది. కప్ప గుడ్లు చెరువులోనే ఉంటాయిగా, వాటికీ గోడ లేదు, అవెందుకు పగలవట?

ఎర్రకణం:
హహ, ఈ ప్రశ్న మీద నోబెల్ కథే ఉంది. పారమీసియం అనే ఏకకణ జీవి అయితే సంకోచరిక్తికతో (ముడుచుకుంటూ నీటిని తోసే సంచితో) నీటిని తోడి బయట పోస్తూనే ఉంటుంది. కప్ప అండకణం దారి వేరు, దాని పొరే నీటిని చాలా నెమ్మదిగా రానిస్తుంది. పొర అంటే రెండు వరసల కొవ్వు అణువులు, నీరు అందులోంచి కష్టంగా జారుతుంది. వేగంగా పోవాలంటే ప్రోటీన్ గొట్టాలు కావాలి. అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం ఎర్రకణాల పొరలో దొరికిన ఒక ప్రోటీన్ ఆ గొట్టమేనా అని తేల్చడానికి కప్ప అండకణాల్నే ఎంచుకుంది. ఆ ప్రోటీన్ తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏని వాటిలోకి ఎక్కించి పలచని ద్రావణంలో వేస్తే నిమిషాల్లో ఉబ్బి పగిలాయి, ఎక్కించనివి దాదాపు అలాగే ఉండిపోయాయి. 1992లో బయటికొచ్చింది ఈ సంగతి. తర్వాత దానికి ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు, 2003లో ఆగ్రేకి రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం వాటా వచ్చింది. మీ అమ్మాయి అడిగిన "ఎందుకు పగలవు"కి జవాబు, పగిలేలా చేసి చూపించారన్నమాట.