స్టేజీ మీద మతపెద్దలు చేతులు కలిపితే సరిపోతుందా?

కేఆర్‌పురం_బాబాయ్: మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు వచ్చే నెల సర్వమత సమ్మేళనం పెడతారట. ఒక పూజారి, ఒక ఇమాం, ఒక పాస్టర్, శాలువాలు, ఫొటో, టిఫిన్. ఇలాంటిదే బెంగళూరులో ఇంకోచోట చూశాను. ముగ్గురూ అన్ని మతాలూ శాంతినే చెబుతాయన్నారు, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. మైకుల గొడవ గురించి గానీ, ముస్లిం అంటే ఇల్లు అద్దెకివ్వని ఓనర్ల గురించి గానీ ఒక్కరూ నోరెత్తలేదు. నా మటుకు నాకు ఇది దండగ. మీరేమంటారు?

మల్లేశ్వరం_అమ్మాయి: అంత తేలిగ్గా తీసిపారేయకండి బాబాయ్ గారూ. 1960లో జూల్ ఐజాక్ అనే ఫ్రెంచి యూదు చరిత్రకారుడు పోప్ 23వ జాన్‌ని కలిశాడు. ఆయన భార్యనీ కూతురినీ నాజీలు చంపేశారు. క్రైస్తవ బోధనల్లో యూదుల మీద ద్వేషం ఎలా పేరుకుందో పోప్ ముందు పెట్టాడు. 1965లో వాటికన్ మహాసభ, ఏసు మరణానికి యూదులందరినీ నిందించడం తప్పని అధికారికంగా ప్రకటించింది. మాటల వల్ల కాదంటే ఇదెలా జరిగింది?

కేఆర్‌పురం_బాబాయ్: అమ్మా, నువ్వు చెప్పింది నా వైపే మొగ్గుతోంది. ఆయన శాలువా కప్పించుకోడానికి వెళ్ళలేదు, నొప్పి ఎక్కడుందో చెప్పడానికి వెళ్ళాడు. మనవాళ్ళు అదొక్కటీ తప్ప అన్నీ మాట్లాడతారు.

పేట_కుర్రాడు: వాటికన్ దాకా ఎందుకండీ, మన బెంగళూరు కరగ ఊరేగింపు చూడండి. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరి కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గాకి వెళ్తుంది. 2022లో కొందరు వెళ్ళకూడదని పట్టుబడితే గుడి వాళ్ళు వినలేదు, ఎప్పట్లాగే వెళ్ళింది. అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఆ జనంలో ఒకసారి నిలబడి చూడండి (కాళ్ళు తొక్కేస్తారు, అది వేరే సంగతి).

శివాజీనగర్_రైడర్: కరగ ఏడాదికి ఒక్క రాత్రి బ్రో. మిగతా రోజులకి భివండీ చూడండి. 1984లో మత ఘర్షణల్లో తగలబడ్డ ఊరు. తర్వాత డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే, ఇరు మతాలవాళ్ళనీ కలిపి మొహల్లా కమిటీలు పెట్టించారు. పోలీసులతో పాటు మామూలు జనం అందులో కూర్చుని చిన్న చిన్న తగాదాలు, పుకార్లు అక్కడికక్కడే తేల్చుకునేవాళ్ళు. 1992-93లో పక్కనే ముంబై మండిపోతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. గొడవ మొదలయ్యాక అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోతే ఎన్ని సమ్మేళనాలు పెట్టి ఏం లాభం?

మల్లేశ్వరం_అమ్మాయి: ఒప్పుకుంటా. కానీ ఆ ఫోన్ నంబర్లు మార్చుకోడానికైనా ముందు ఒకచోట కలవాలి కదా! శాలువాలు తీసేయండి, సమ్మేళనం ఉంచండి.

కేఆర్‌పురం_బాబాయ్: సరే, సంఘానికి రాస్తా. స్టేజీ వద్దు, కుర్చీలు గుండ్రంగా వేయండి, అద్దె ఇళ్ళ విషయం మొదట మాట్లాడదాం అని.

హెబ్బాళ_ఓనర్: అద్దె మాట ఎత్తితే సగం మంది ఓనర్లు రారు, చూస్తూ ఉండండి. నేనూ ఓనర్‌నే, తెలిసే చెబుతున్నా.