లక్ష లోపు పీసీ: నాన్న మినీడీవీ టేపులకీ, నా గేమింగ్‌కీ. ఈ కొటేషన్ ఓకేనా?

హిందూపురం_కుర్రోడు

అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, సొంతూరు హిందూపురం. కొత్త పీసీ కట్టించుకుందామని నిన్న కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకెళ్ళాను. చిక్‌పేట మెట్రోలో దిగి నడిచా, అక్కడ బండి పెట్టడానికి జాగా దొరకడం మన వల్ల అయ్యే పని కాదు. మానిటర్, కీబోర్డు ఉన్నాయి (24 అంగుళాలు, 1080పీ, 144 హెర్ట్జ్), మిగతా డబ్బాకి లక్ష దాటకూడదు.

పని రెండు రకాలు. రాత్రి గేమ్స్, అది మామూలే. రెండోది నాన్నది. ఆయన ఊళ్ళో పదేళ్ళు వీడియో స్టూడియో నడిపాడు. పెళ్ళి టేపులన్నీ పార్టీలకి ఇచ్చేశాడు గానీ, చుట్టుపక్కల ఊళ్ళలో ఆడిన పద్య నాటకాలు తన ఇష్టంకొద్దీ తీసుకున్నవి 74 మినీడీవీ టేపులు (వీడియో కెమెరాలో పెట్టే చిన్న డిజిటల్ క్యాసెట్లు) బీరువాలో, ప్యాంటు గుడ్డల కింద ఉన్నాయి. వాటిలో హార్మోనియం వాయించేది మా పెద్దనాయన, ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇవన్నీ పీసీలోకి ఎక్కించి, హెచ్.265 (వీడియోని తక్కువ సైజుకి కుదించే ఫార్మాట్) చేసి, ఇంటిల్లిపాదికీ పంచాలని.

షాపతను వీడియో ఎన్‌కోడింగ్ అనగానే ఇది రాసిచ్చాడు: ఐ7 14700ఎఫ్, హెచ్610 బోర్డు, లిక్విడ్ కూలర్, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎంఈ, రంగుల ఫ్యాన్లు ఆరున్న క్యాబినెట్, పేరెప్పుడూ వినని కంపెనీ SMPS (పవర్ సప్లై డబ్బా), దాని మీద బంగారు రంగులో 750 అని ఉంది. "సార్ 20 కోర్లు, వీడియో రాకెట్ లాగా పోతుంది" అన్నాడు. తీసుకోవచ్చా? అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.

బిట్‌రేట్_బాబాయ్

అడ్వాన్స్ ఇవ్వకపోవడం మంచిదైంది తమ్ముడూ.

ముందు ఒక లెక్క చూడు. మినీడీవీ టేపులో ఉన్నది అప్పటికే డిజిటల్ డేటా, సెకనుకి 25 మెగాబిట్ల వీడియో. దాన్ని కెమెరాలోంచి పీసీలోకి తెచ్చుకోవాలంటే టేపు తిరగాల్సిందే, గంట టేపుకి గంట. నువ్వు 20 కోర్లు కొన్నా 64 కోర్లు కొన్నా టేపు ఒక్క సెకను కూడా తొందరగా తిరగదు. 74 టేపులంటే 74 గంటలు, మధ్యలో టేపు నలిగి ఆగినవీ, రివైండ్ చేసినవీ కలిపితే ఇంకా ఎక్కువ. నీ పనిలో అసలు ఆలస్యం అక్కడుంది. షాపతను దాని సంగతే అడగలేదు.

ఇక ఎన్‌కోడింగ్. ఆ వీడియో సైజు 720 బై 576, ఇప్పటి ప్రాసెసర్లకి అది చిటికెన వేలి పని. పైగా హెచ్.265 ఫైలు తయారుచేసే ఎక్స్265 అనే సాఫ్ట్‌వేర్ ఫ్రేమును 64 గీతల చొప్పున వరసలుగా కోసి ఆ వరసల్ని కోర్లకి పంచుతుంది. 576 గీతల్ని కోస్తే వచ్చేది తొమ్మిది వరసలు. పని పంచడానికే లేకపోతే 20 కోర్లు ఏం చేస్తాయి, సగం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటాయి. 4కే వీడియో అయితే కథ వేరు. నీలాంటి వాళ్ళకి తెలివైన పని ఏంటంటే, హ్యాండ్‌బ్రేక్ అనే ఎన్‌కోడింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఒకేసారి రెండు మూడు ఫైళ్ళు నడిపే వీలుంది, అది పెట్టుకుంటే 8 కోర్ల చిప్ కూడా నిండుగా పనిచేస్తుంది. రాత్రి పెట్టి పడుకో, పొద్దున కాఫీ వేళకి అయిపోయి ఉంటాయి.

అసలు ప్రశ్న ఒకటి: టేపుని దేంతో కలుపుతావు?

హిందూపురం_కుర్రోడు

అన్నా, టేపు తిరిగే టైము నా బుర్రకి తట్టనే లేదు. కెమెరాకి యూఎస్‌బీ ఉంది కదా దాంతో లాగేద్దాం అనుకున్నా. లేకపోతే ఆన్‌లైన్‌లో ఎరుపు, తెలుపు, పసుపు వైర్లుండే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ దొరుకుతుందిగా?

బిట్‌రేట్_బాబాయ్

ఆ స్టిక్ జోలికి పోకు. అది డిజిటల్ టేపుని అనలాగ్ చేసి మళ్ళీ డిజిటల్ చేస్తుంది, చద్దన్నాన్ని మళ్ళీ ఎసట్లో వేసినట్టు. కెమెరా మీదున్న యూఎస్‌బీ కూడా ఆ కాలం మోడళ్ళలో చాలావాటికి ఫొటోల కోసమే. పక్కన డీవీ అని రాసిన చిన్న సాకెట్ ఉంటుంది చూడు, అది ఫైర్‌వైర్. దాని ద్వారా తెచ్చుకుంటే టేపులో ఉన్న బిట్లు ఉన్నట్టే ఫైలుగా దిగుతాయి. దానికి సాఫ్ట్‌వేర్ విండోస్‌లో విన్‌డీవీ, లినక్స్‌లో డీవీగ్రాబ్, రెండూ ఉచితమే.

కొత్త బోర్డుల్లో ఫైర్‌వైర్ ఉండదు కాబట్టి పీసీఐఈ కార్డు ఒకటి కొనాలి, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది దొరికితే వదలకు. కేబుల్ కెమెరా వైపు 4 పిన్నులు, కార్డు వైపు 6 పిన్నులు ఉండేది అడుగు. కెమెరా ఆపేశాకే కేబుల్ పెట్టు, తియ్యి, లేకపోతే ఆ పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది, కాలితే ఈ రోజుల్లో బాగు చేసేవాడు దొరకడు.

ఇక్కడే చాలామంది బోర్లా పడేది. చిన్న మైక్రో ఏటీఎక్స్ బోర్డుల్లో పెద్ద స్లాటు కిందే చిన్న స్లాటు ఉంటుంది, రెండు స్లాట్ల మందమున్న గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే అది మూసుకుపోతుంది. నేను అన్నీ కొని ఇంటికొచ్చి, స్క్రూలన్నీ బిగించాక చూసుకున్నా. ఫైర్‌వైర్ కార్డు చేతిలో, స్లాటు ఫ్యాన్ల కింద. బోర్డు ఫొటో చూసి, పెద్ద స్లాటుకి కనీసం రెండు స్లాట్ల దూరంలో ఇంకో స్లాటు ఉన్నది ఎంచుకో.

ఫ్రేమ్‌రేట్_పిచ్చోడు

బాబాయ్ మాట బాబాయ్‌దే గానీ ఇంత అవసరమా? ఎన్‌విడియా కార్డు ఎటూ కొంటున్నాడు, దాంట్లోనే ఉండే ఎన్‌వెంక్ ఎన్‌కోడర్‌తో కొడితే నిమిషాల్లో అయిపోతుంది. నేను గేమ్ రికార్డింగ్ మొత్తం దాంతోనే, ఫ్రేములు తగ్గినట్టు కూడా తెలియదు.

బ్రో, 14700ఎఫ్ వద్దు అనేది మాత్రం కరెక్టే. 65 వాట్లు అని రాసుంటుంది, టర్బోలో 219 దాకా తాగుతుంది, దాన్ని అన్నిటికంటే చవక రకం హెచ్610 బోర్డు మీద పెట్టి గంటలు గంటలు ఎన్‌కోడింగ్ చేస్తే బోర్డు మీది పవర్ భాగాలే వేడెక్కి స్పీడు దించేస్తాయి. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ కూడా లేదు, ఎప్పుడైనా కార్డు రిపేరుకి పోతే నల్ల స్క్రీనే. రైజెన్ 7 7700 తీసుకో. 8 కోర్లు, 65 వాట్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది, చిన్నదైనా లోపల గ్రాఫిక్స్ ఉంది. మిగిలిన డబ్బు కార్డులో పెట్టు, 8 జీబీ బదులు 16 జీబీ ఉన్న 5060 టీఐ గానీ 9060 ఎక్స్‌టీ గానీ చూడు. ర్యామ్ 16 జీబీ రెండు స్టిక్కులు, సీపీయూ వైపునుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో. ర్యామ్ ధర కొనే రోజే అడుగు, నిన్నటి ధర ఇవాళ ఉండట్లేదు.

బిట్‌రేట్_బాబాయ్

నీ గేమ్ రికార్డింగ్‌కి ఎన్‌వెంకే సరైనది, అందులో గొడవ లేదు. ఒకే తరంలో చిన్న కార్డుకైనా పెద్ద కార్డుకైనా ఆ ఎన్‌కోడర్ నాణ్యత దాదాపు ఒకటే కాబట్టి దానికోసం ఖరీదైనది కొనక్కర్లేదు కూడా (జీటీఎక్స్ 1650 కార్డు మొదట వచ్చినప్పుడు మాత్రం పాత తరం ఎన్‌కోడర్ పెట్టి వదిలారు). కానీ అదే సైజు ఫైలుకి నిదానంగా నడిచే ఎక్స్265 ఇంకా మంచి బొమ్మ ఇస్తుంది. నాటకం స్టేజి ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకో, వెనక నల్ల పరదా, ఒక్క పెద్ద లైటు, టేపు నిండా గింజలు గింజలుగా నాయిస్. తొందరపడ్డ ఎన్‌కోడర్ ఆ పరదా మీద చదరపు మచ్చలు వేస్తుంది. గేమ్ క్లిప్పు రేపు మర్చిపోతాం, వాళ్ళ పెద్దనాయన మళ్ళీ వచ్చి వాయించడు కదా.

తమ్ముడూ, ఇంకోటి. డీవీ వీడియో ఇంటర్‌లేస్డ్, సెకనుకి 50 సగం ఫ్రేములు. అట్లాగే ఎన్‌కోడ్ చేస్తే చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్ళు కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ బాబ్ పద్ధతిలో పెట్టు, సెకనుకి 50 పూర్తి ఫ్రేములొస్తాయి, కదలిక టేపులో ఉన్నంత నున్నగా ఉంటుంది. ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది) 18 నుంచి 20 మధ్యలో చూసుకో. అసలు డీవీ ఫైళ్ళు మాత్రం చెరపకు. గంటకి సుమారు 13 జీబీ, 74 గంటలకి దాదాపు 960. 2 టీబీ హార్డ్ డిస్కులు రెండు కొని, ఒకటి నీ దగ్గర, ఒకటి ఊళ్ళో.

నెల్లూరు_టు_వేళచ్చేరి

చెన్నై నుంచి ఒక మాట. SMPS దగ్గర కక్కుర్తి పడొద్దండీ. నేను రిచీ స్ట్రీట్‌లో అన్నీ బేరమాడి కొని, చివర్లో మిగిలిన డబ్బుతో ఇట్లాంటి బంగారు స్టిక్కరుదే ఒకటి తీసుకున్నాను. మే నెల, ఏసీ లేని గది, ఎన్‌కోడింగ్ పెట్టి భోజనానికి కూర్చున్నా. టప్పుమని ఒక శబ్దం, తర్వాత కాలిన బెల్లం వాసన. మా ఆవిడ వంటింట్లోకి పరుగెత్తింది, స్టవ్ మీద ఏదో మాడిందనుకుని. బోర్డు కూడా తీసుకుపోయింది అది. బంగారు రంగు ఎవరైనా వేసుకోవచ్చు, 80 ప్లస్ అని ఉందా, బిల్లు మీద సీరియల్ నంబరుందా, వారంటీ ఎన్నేళ్ళు, ఇవి చూడండి. మీరనుకుంటున్న పార్టులకి మంచి కంపెనీది 650 వాట్లు చాలు. బెంగళూరు చల్లగా ఉంటుంది కాబట్టి లిక్విడ్ కూలర్ అసలే వద్దు, ఆ డబ్బులు యూపీఎస్‌కి పెట్టండి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల లోపే, గేమ్ ఆడుతుంటే అది చాలదు, 1000 వీఏ చూడండి.

హిందూపురం_కుర్రోడు

పది రోజుల తర్వాత వస్తున్నా, సారీ. 7700, 16 జీబీ కార్డు, రెండు ర్యామ్ స్టిక్కులు, 650 వాట్ల SMPS తీసుకున్నా, మొత్తం 96 వేలైంది, యూపీఎస్ వచ్చే నెల జీతానికి. రంగుల ఫ్యాన్లు లేవని షాపతనికి నాకంటే ఎక్కువ బాధ కలిగింది.

ఫైర్‌వైర్ కార్డు కొనలేదు. నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్తుంటే "మన పాత స్టూడియో సిస్టంలో ఆ కార్డు ఉంది కదరా, క్యాసెట్లు అందులోనే కదా ఎక్కించేది" అన్నాడు. అటక మీంచి దించి, దుమ్ము దులిపితే ఎక్స్‌పీ లేచి కూర్చుంది. ఇప్పుడు టేపులు ఊళ్ళోనే ఆయనే ఎక్కిస్తున్నాడు, రోజుకి రెండు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం నిద్ర లేచాక సాయంత్రం ఒకటి. డిస్కు బస్సులో నా దగ్గరికి వస్తుంది.

ఒక్క సమస్య. ప్రతి టేపూ ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది. టేపు తిరుగుతూనే ఉంది, ఫైలు మాత్రం పెరగట్లేదు. టేపు పాడైందా?

బిట్‌రేట్_బాబాయ్

టేపు బంగారం లాగా ఉంది. ఆ డిస్కుని టీవీకి పెట్టుకోవడానికని ఎప్పుడో ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటారు. దాంట్లో ఒక ఫైలు 4 జీబీ దాటదు, డీవీకి 4 జీబీ అంటే సరిగ్గా నీ ఇరవై నిమిషాలే. అందులో ఉన్నవి వేరేచోట దాచి, ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయమను. ఎక్కించినవి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాలని నాన్నకి నువ్వే చెప్పు, నన్ను ఇరికించకు.

హిందూపురం_కుర్రోడు

చెప్పా. "మంచిదేలే, ఇంకోసారి చూస్తా" అన్నాడు.